నాకొచ్చిన బాపమ్మ ఎముకలు

డిగ్రీ చదివే రోజులల్ల మా ఇంట్ల నాకంటే పెద్ద భక్తురాలు లేకుండె. సోమవారం శివునికి ఒక్కపొద్దు, మంగళవారం ఆంజనేయునికి, గురువారం సాయిబాబకు, శనివారం వెంకటేశ్వరునికి. నడుమ ఏకాదశి వస్తే అది పైన కొసరు. మా ఇల్లు చొప్పదండిల. నేను కరీంనగర్ల లేడీస్ హాస్టల్ల ఉండి బీఎస్సీ చదువుతుంటి. శనివారం బస్సెక్కి ఇంటికొస్తే మా బాపమ్మ, అంటే మా బాపును కన్న తల్లి, అరుగు మీద కూసోని వచ్చేటోళ్ళకు పోయేటోళ్ళకు నన్ను చూపిచ్చేది.

"మా మనుమరాలిని సూడుండ్రి. గింత సిన్న వయసుల గంత భక్తి! పొద్దుగూకే దాంక నీళ్ళు దప్ప ముట్టది."

నిజం చెప్పాల్నంటే ఆ దేవుండ్లల్ల ఒక్కరి మీద సుత నాకు గంత ప్రేమ లేకుండె. వాళ్ళు నాకు అక్కరకొచ్చిండ్రు, గంతే. మామూలు రోజు "ఆకలైతలేదు" అంటే మా అవ్వ, అంటే నన్ను కన్న తల్లి, గంటె పట్టుకొని వెంటబడేది. ఒక్కపొద్దు అంటే మాత్రం దేవుని ఫోటో దిక్కు చూసి గంటె కింద పెట్టేది. దేవునికి భయపడే ఇంట్ల తినకుండ ఉండుడు ఎంత అల్కగనో నాకు అప్పుడే తెలిసింది.

ఎట్ల మొదలైంది అని ఇప్పటికి సుత అడుగుతరు. ఒక్క కారణం చెప్తే వాళ్ళకు నిమ్మలం. మా చిన్నమ్మ బిడ్డ పెండ్లి వీడియో చూసేటప్పుడు ఒక సుట్టమామె "పందిరి గుంజ పక్కన గా బొద్దుగున్న పోరి ఎవరు?" అని అడిగింది. ఆ పోరిని నేనే. అందరు నవ్విండ్రు. నేను సుత నవ్విన. కని ఒక్క మాటకే గింత జరుగుతదా? ఆ ఏడే ఇంటర్ల అనుకున్నన్ని మార్కులు రాలే, అనుకున్న కాలేజీల సీటు రాలే, హాస్టల్ కొత్త, నా పక్కన కూసునేటోళ్ళు కొత్త. ఏది నేను చెప్పినట్టు వింటలేదు. నా పళ్ళెం ఒక్కటే నేను చెప్పినట్టు విన్నది. కొన్ని నెలలకు అది సుత నా మాట వినుడు బందువెట్టింది, నేనే దాని మాట వినుడు మొదలువెట్టిన. ఆ తేడా నాకు సమజయ్యేటాలకు మస్తు దూరం పోయిన.

నా బరువెంత ఉండె, ఎంతకు పడిపోయింది అనేది నేను రాయ. ఆ అంకెలు ఒకప్పుడు నా తలకాయ తిన్నయి. మల్ల వాటిని పిలిచి పీట వేసుడెందుకు?

ఒంటికి తిండి పెట్టకుంటే ఒళ్ళు ఊకుంటదని నేను అనుకున్న. ఊకోదు. ఒక్కో దిక్కు నుంచి లొల్లి పెడుతది.

మొదలు చలి. మే నెలల కరీంనగర్ ఎట్లుంటదో తెలిసినోళ్ళకు చెప్పనక్కరలేదు, కుక్కలు సుత మోరి కాల్వ పక్కపొంటి నీడ వెతుక్కుంటయి. ఆ ఎండల నేను స్వెటర్ వేసుకొని క్లాసుకు పోయిన. చేతుల వేళ్ళ కొసలు ఊదా రంగుకు తిరిగేటియి. హాస్టల్ల నా రూమ్మేట్ ఆదిలాబాద్ దిక్కు పిల్ల. దాని మాటల సగం మరాఠీ కలిసేది. నేను ఫ్యాన్ బంద్ చేసేదాన్ని, అది చాలు చేసేది, నేను మల్ల బంద్ చేసేదాన్ని. ఈ పంచాది పది రోజులు నడిచింది. ఒకనాడు అది స్విచ్‌బోర్డుకు అడ్డం నిలబడి మొత్తుకున్నది:

"బాప్‌రే! నేను ఆదిలాబాద్ల పుట్టిన. జనవరి నెలల పొద్దుపొద్దున మంట ముందల కూసోని పెరిగిన. గంత చలిల సుత నీ లెక్క రెండు దుప్పట్లు కప్పుకోలే. నీకేమైందే?"

"నాది సల్లని ఒళ్ళు" అన్న.

"సల్లని ఒళ్ళు సచ్చినోళ్ళకు ఉంటది" అన్నది.

తరువాత జుట్టు. దువ్వెన పెడితే గుప్పెడు, తల పోసుకుంటే ఇంకో గుప్పెడు. మా అంతస్తుల బాత్రూం నీళ్ళు పోయే జాలి నెలల మూడు సార్లు మూసుకపోయింది. అందరు ఒకరి మీద ఒకరు అనుమానపడ్డరు. నేను సుత గట్టిగనే తిట్టిన, "ఎవరో గని, జర బుద్ధి లేదు" అని. ఇంటి కాడ అవ్వ అడిగితే కరీంనగర్ ఉప్పునీళ్ళ మీద పెట్టిన. అవ్వ మందారాకులు వేసి కాచిన నూనె సీసలకు సీసలు పంపింది. తలకాయ జిడ్డయింది గని ఒక్క ఎంటిక ఆగలే.

గమ్మతేందంటే, తల మీదివి పోతుంటే చేతుల మీద, వీపు మీద పసిపిల్లకున్నట్టు మెత్తని నూగు మొలిచింది. రూమ్మేట్ నా చెయ్యి ట్యూబ్‌లైటు కింద పట్టుకొని చూసింది. "తల మీదియి చేతులకు ట్రాన్స్‌ఫర్ పెట్టుకున్నయా?" అన్నది. ఇద్దరం కడుపుబ్బ నవ్వినం. తరువాత డాక్టర్ చెప్తే తెలిసింది, వెచ్చగ ఉండేందుకు ఒంట్ల కొవ్వు లేకపాయె, గందుకే ఒళ్ళు తనకు తానే స్వెటర్ అల్లుకుంటున్నదట. నేను పైన ఒకటి వేసుకుంటే అది లోపల ఇంకొకటి వేసుకున్నదన్నట్టు.

కడుపు సుత అలిగింది. రెండు బుక్కలు తింటే పండుగనాడు తిన్నట్టు ఉబ్బి, పొద్దుగూకే దాంక గట్లనే ఉండేది. కూసోని లేస్తే కండ్లకు చీకట్లు. జువాలజీ ల్యాబ్ రెండో అంతస్తుల ఉండె. మెట్లు ఎక్కి సగంల ఆగి, కింద మైదానం చూస్తున్నట్టు యాక్షన్ చేసేదాన్ని. ఆ పిల్లకు క్రికెట్ అంటే మస్తు ఇష్టమని మా క్లాసుల పేరువడ్డది. ఇంక నెలసరి. అది ఆగిపోయింది. మొదటి నెల నేను ఖుషీ అయిన, ఒక తిప్పల తప్పిందని. రెండో నెల, మూడో నెల సుత రాలే. నేను లెక్క మర్చిపోయిన గని మా అవ్వ మర్చిపోలే. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు నేను ఒక్కసారి సుత దూరం కూసోలేదని ఆమె కండ్లు గమనించుకుంటనే ఉన్నయి. నోరు మాత్రం విప్పలే.

గట్లున్నప్పుడు ఒక శనివారం మధ్యాహ్నం కరీంనగర్ బస్టాండ్ల చొప్పదండి బస్సు కోసం నిలబడ్డ. రూమ్మేట్ నన్ను సాగనంపుతందుకు వచ్చింది. బస్సు రాంగనే జనం ఎగబడ్డరు. నేను ఒక కాలు ముందుకు వేసిన. గంత వరకే యాదికున్నది.

కండ్లు తెరిస్తే నేను సిమెంటు గచ్చు మీద ఉన్న. చుట్టు పది పదిహేను తలకాయలు. ఫిట్స్ అనుకొని ఎవరో నా కుడిచేతుల తాళపుచెవుల గుత్తి పెట్టి పిడికిలి బిగించి పట్టుకున్నరు. ఇంకో ఆమె ఉల్లిగడ్డ పగలగొట్టి ముక్కు కాడ పెట్టింది. ఒకాయన సోడ కొట్టి సగం నా మొఖం మీద, సగం నా పుస్తకాల మీద పోసిండు. ఒక పెద్దమనిషి వంగి మెల్లగ అడిగిండు.

"పొద్దున ఏమన్న తిన్నవా బిడ్డా?"

"శనివారం... ఒక్కపొద్దు" అన్న.

జనం మొఖాలు అన్ని ఒక్కసారి మెత్తబడ్డయి. ఉల్లిగడ్డ పెట్టిన ఆమె అయితే నా కాళ్ళకు మొక్కేటట్టే ఉన్నది. "అయ్యో, దేవుని బిడ్డ! గీ కాలంల గిసోంటి పిల్లలు ఏడున్నరు!" అన్నది.

గప్పుడు లేచింది నా రూమ్మేట్ గొంతు. బస్టాండ్ మైకు దానికంటే తక్కువ.

"దేవుడు లేడు, ఏం లేడు! శనివారం లేదు, సోమవారం లేదు! ఈ పిల్ల ఏ వారం తింటలేదు! ఆరు నెలల సంది చూస్తున్న, కూర దీస్కపోయి చెత్తల పారబోస్తది! అబద్ధాలు, అన్ని అబద్ధాలు!"

అనుకుంట ఏడ్చింది. పదిహేను తలకాయలు నా దిక్కు తిరిగినయి. ఆ గచ్చు పగిలి నేను లోపలికి పోతే మంచిగుండు అనిపించింది. నా చేతుల తాళపుచెవులు ఇంక గట్లనే ఉన్నయి. "నాయి, నా బండియి" అని ఒకాయన మెల్లగ తీసుకొని పోయిండు.

రూమ్మేటే మా అవ్వకు ఫోన్ చేసింది. "ఆంటీ, కండ్లు తిరిగి పడ్డది, జల్ది రాండ్రి" అన్నది. గంతే చెప్పింది. అవ్వ వచ్చే బస్సుల కిటికీ పక్కన కూసోని, నెలసరి రానిది ఒక దిక్కు, కండ్లు తిరిగి పడ్డది ఒక దిక్కు పెట్టి, కలిపి చూసుకున్నది. బస్టాండ్ల దిగంగనే, "దాని ఒక్కపొద్దులు అన్ని అబద్ధాలు ఆంటీ" అన్న రూమ్మేట్ మాట సగమే విని, నన్ను ఆటోల ఎక్కిచ్చి, రూమ్మేట్‌ను ముందల డ్రైవర్ పక్కన కూసోపెట్టి, నా చెవుల మెల్లగ అడిగింది.

"ఎవడే వాడు?"

"ఎవడు?"

"గదేనే... ఎవడు? నీ బాపుకు నేను చెప్త. నువ్వు భయపడకు. ఎవడో చెప్పు సాలు."

నాకు సమజయ్యేందుకు గీతాభవన్ చౌరస్తా దాటాల్సొచ్చింది. సమజయినంక నవ్వు ఆగలే. నవ్వితే దమ్మొచ్చింది. "దేవుని మీద ఒట్టు అవ్వా, ఎవ్వడు లేడు" అన్న.

"నీ దేవుని ముచ్చట ఇప్పుడే చెప్పింది గా పిల్ల" అన్నది అవ్వ. ఆమె నవ్వలే.

అవ్వ నన్ను తీస్కపోయింది ఆడోళ్ళ డాక్టర్ కాడికి. ఇంకెవరి కాడికి తీస్కపోతది? డాక్టర్ మేడం నడివయసు మనిషి, మాట తక్కువ. ముందుగాల మూత్ర పరీక్ష చేపిచ్చి "గర్భం లేదమ్మా" అన్నది. మా అవ్వ గోడకున్న మందుల కంపెనీ క్యాలెండర్‌కు రెండు చేతులెత్తి మొక్కింది. దాని మీద దేవుని బొమ్మ సుత లేదు, ఒక కిడ్నీ బొమ్మ ఉన్నది.

మేడం నా చెయ్యి పట్టుకొని గడియారం చూసింది. మల్ల చూసింది. బీపీ మిషన్ నాకు పెట్టింది, మొఖం చిట్లించింది, అదే మిషన్ తన చేతికి పెట్టుకొని చూసుకున్నది, మా అవ్వకు పెట్టి చూసింది, మల్ల నాకు పెట్టింది. మిషన్ మంచిగనే ఉన్నది.

"గుండె మస్తు మెల్లగ కొట్టుకుంటుందమ్మా" అన్నది.

మా అవ్వ ఇంక గర్భం లేదన్న ఖుషీలనే ఉన్నది. "మెల్లగ కొట్టుకుంటే మంచిదే గద డాక్టరమ్మా. పిల్ల నిమ్మలమైన పిల్ల" అన్నది.

మేడం కుర్చీ నా దిక్కు తిప్పుకున్నది. నన్ను అడిగింది, "నిన్న ఏం తిన్నవ్?"

"పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అన్నం, పప్పు, వంకాయకూర, పెరుగు, సాయంత్రం గుగ్గిళ్ళు, రాత్రికి చపాతి" అన్న. నాకు నోటికొచ్చిన పాఠం అది.

"మొన్న?"

"పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అన్నం, పప్పు, వంకాయకూర..."

తలుపు కాడ నిలబడ్డ రూమ్మేట్ "మా హాస్టల్ల వంకాయకూర సోమవారం దప్ప చేయరు మేడం" అన్నది.

మేడం పెన్ను కింద పెట్టింది. నా స్వెటర్ చెయ్యి మెల్లగ పైకి జరిపి ఆ నూగును చూసింది. తిట్టలే. "ఎన్ని రోజుల సంది, బిడ్డా?" అని అడిగింది. ఆ 'బిడ్డా' అనకుంటే నేను ఇంకో వారం వంకాయకూరతోటి గడిపేదాన్నేమో. అన్నది గనుక ఏడుపొచ్చింది. ముక్కు చీదుకుంట అంత చెప్పిన. మా అవ్వ స్టూల్ మీద కూసోని వింటున్నది. ఆమె మొఖం దిక్కు చూడలేదు నేను. ఆమె చెప్పులే చూసిన. ఉరుకులాటల రెండు కాళ్ళకు రెండు తీర్ల చెప్పులు తొడుక్కొని వచ్చింది.

ఆ సాయంత్రమే ఇంకో పెద్ద దవఖానల శరీక్ చేసి మంచమిచ్చిండ్రు. గుండె గీతలు తీసిండ్రు, రక్తం తీసిండ్రు. రక్తంల పొటాషియం తక్కువున్నది, గిట్లనే వదిలేస్తే గుండె తాళం తప్పుతది అన్నరు. నాకు గప్పుడు నిజంగ భయమైంది. అప్పటి దాంక నేను ఎముకలు కనబడితే మంచిదనుకున్న, మెట్ల కాడ దమ్మొస్తే అలవాటనుకున్న. గుండె సుత ఒక కండనే, తిండి లేకుంటే అది సుత సన్నబడుతదని, అది సన్నబడాలని నేను ఎన్నడు కోరుకోలేదని, గా మంచం మీద పండుకొని తెలుసుకున్న.

తెల్లారి మా బాపు వచ్చిండు. చేతుల నాలుగు గిన్నెల టిఫిన్. అవ్వ చొప్పదండికి పోయి వండి ఇచ్చి పంపింది, ఎనుక బస్సుకు తను సుత వచ్చింది. ఒక గిన్నెల మటన్, ఒక గిన్నెల నెయ్యి వేసిన బువ్వ, ఒక దాంట్ల గారెలు, ఒక దాంట్ల ఉడకవెట్టిన గుడ్లు. ఏడాది తిండి ఒక్క పూటల కూరేద్దామని ఆమె ప్లాను. తిండి సంగతి చూసే మేడం ఒకామె, చిన్న వయసే, ఆ టిఫిన్‌కు చేతులు అడ్డం పెట్టింది.

"ఇవి వద్దమ్మా. నేను చెప్పిందే, చెప్పినంతే పెట్టాలె."

ఆమె చెప్పింది చూస్తే చిన్న గిన్నెల జావ. అవ్వ ఆ గిన్నెను ఎత్తి, వంచి, కింద నుంచి సుత చూసింది. "గిది పిట్టకా, పిల్లకా? తినక పడ్డ పిల్లకు తినవద్దంటుండ్రు, గిదేం దవఖాన?" అని లేచింది. ఆ మేడం మస్తు ఓపికతోటి చెప్పింది, ఒళ్ళు ఎండినంక ఒక్కసారి ఎక్కువ పెడితే రక్తంల లవణాలు తలకిందులైతయి, గుండె మీదికొస్తది, ప్రాణమే పోవచ్చు, రోజు రక్తం చూసుకుంట కొద్దికొద్దిగ పెంచాలె అని. అవ్వకు ఒక్క ముక్క ఎక్కలే. ఎక్కింది మా బాపుకు.

"నిజమే" అన్నడు గోడకు ఆనుకొని. "కరువొచ్చిన ఏడు మన గుడ్డిబర్రె యాదికున్నదా? నెల దినాలు గడ్డి లేక ఎండింది. ఒకనాడు తాడు తెంపుకొని వడ్ల కుప్ప మీద పడ్డది. కడుపు నిండ మెక్కింది. తెల్లారేటాలకు ఉబ్బి సచ్చింది. ఆకలితోటి సావలే, తిని సచ్చింది."

అవ్వ టిఫిన్ మూత పెట్టింది. తిండి మేడం "కరెక్ట్ అంకుల్, అదే" అన్నది. నేను మంచం మీద నుంచి "బాపు, నన్ను గుడ్డిబర్రెతోటి పోలుస్తున్నవా?" అన్న. "అది మంచి బర్రెనే బిడ్డా. రెండు పూటల పాలిచ్చేది" అన్నడు. ఆ మటన్ మా రూమ్మేట్, ఇద్దరు నర్సులు కలిసి కారిడార్ల తిన్నరు. మంచిగున్నదని వచ్చి చెప్పిండ్రు సుత.

రూమ్మేట్‌తోటి నేను మాట్లాడలే. బస్టాండ్ల నా పరువు తీసిందని నాకు కోపం. రోజు వచ్చి స్టూల్ మీద కూసోని, నేను గోడ దిక్కు మొఖం పెట్టుకుంటే అది గోడకు చెప్పినట్టు కాలేజీ ముచ్చట్లన్ని చెప్పి పోయేది. హాస్టల్‌కు పోయినంక సుత గట్లనే, రెండు నెలలు. కోపం ఎప్పుడు పోయిందో యాదికి లేదు. ఒకనాడు ఫ్యాన్ గురించి మల్ల కొట్లాడుకున్నం, గంతే.

తినుడు మొదలువెట్టినంక అంత మంచిగైతదని అనుకున్న. కాళ్ళు వాచినయి. చెప్పులు పట్టలే. మొఖం ఉబ్బింది. రెండు ఇడ్లీలకు కడుపు మద్దెల లెక్క మోగింది. మా అవ్వ తల పట్టుకున్నది. "తినకుంటే గట్లాయె, తింటే గిట్లాయె, గిదేం రోగమే నీది?" అన్నది. నీళ్ళు ఒంట్ల ఆగుతున్నయని, కొన్ని వారాలకు తగ్గుతదని డాక్టర్లు చెప్పిండ్రు. ఆ కొన్ని వారాలే మస్తు కష్టం. తలకాయల ఉన్న పాత గొంతు "చూసినవా, నేను చెప్పలే?" అనుకుంట ఉంటది. ఆ గొంతు కోసం ఒక మనసు డాక్టర్ కాడికి పోవాల్సొచ్చింది. బాపు ఊర్ల అందరికి "నరాల డాక్టర్" అని చెప్పిండు. బాపమ్మకు "గ్యాస్" అని చెప్పిండు. మనసు డాక్టర్ నాతోటి ఎక్కువ మాట్లాడేది తిండి గురించి కాదు, నాకు దేనికి భయమో దాని గురించి. రెండేండ్లు పోయిన. నా ఒంటికి దవఖాన చేసిన మేలు ఎంతో, ఆ గది చేసిన మేలు సుత గంతే.

ఇంటి కాడ ఒక్కపొద్దులు బంద్. ఈ మాట అవ్వ చెప్తే బాపమ్మ ఉలిక్కిపడ్డది.

"మొక్కిన మొక్కులు ఇడిసిపెడితే దేవునికి కోపమొస్తది!"

"వస్తే నా మీదికి రమ్మను" అన్నది అవ్వ, బియ్యం చెరుక్కుంట.

బాపమ్మ రెండు రోజులు ఆలోచన చేసి ఒక ఉపాయం తీసింది. మనుమరాలి ఒక్కపొద్దులు తనే ఉంటదట. డెబ్బై దాటిన మనిషి. సోమవారం తానం చేసి, పట్టెడు విభూతి పెట్టుకొని కూసున్నది. పదకొండు గొట్టంగ చాయ అడిగింది. పన్నెండుకు చాయల రెండు బిస్కెట్లు ముంచుకున్నది. ఒంటిగంటకు "శివుడు బోళాశంకరుడు, ఏమనడు" అని పచ్చిపులుసు పోసుకొని బువ్వ తిన్నది. మంగళవారం నుంచి ఆ ముచ్చటనే తీయలే.

ఒక ఏడాది గడిచింది. జుట్టు పొట్టి పొట్టిగ నుదురు మీద గడ్డి లెక్క మొలిచింది. చేతుల నూగు రాలిపోయింది. ఎండకాలంల చెమట పడితే ఖుషీ అయిన ఆడపిల్ల చొప్పదండిల నేనొక్కదాన్నే. ఆ ఏడు బతుకమ్మకు కొత్త చీర కట్టుకొని పోయిన. చప్పట్లు కొట్టుకుంట, వంగుకుంట లేసుకుంట తిరుగుతుంటే మూడో నాడు కుడికాలి పాదంల సూది గుచ్చినట్టు నొప్పి. అయినా తిరిగిన. ఆఖరి దినం, సద్దుల నాటికి పాదం నేల మీద మోపరాలే.

కరీంనగర్ల ఎముకల డాక్టర్ ఎక్స్‌రే లైటుకు పట్టి చూసి "పాదం ఎముక చిట్లింది. ఏం తగిలింది? బండి మీద నుంచి పడ్డవా?" అని అడిగిండు.

"ఏం తగల్లే సార్. బతుకమ్మ ఆడిన."

"ఆడితే ఎముక చిట్లుతదా?" అని నవ్విండు. తరువాత నా పాత కాయితాలు చూసిండు. నవ్వుడు ఆపిండు. ఎముకల స్కాన్ రాసిచ్చిండు.

స్కాన్ కాయితం ఇంటికి తెచ్చి బాపు చదివిపిచ్చుకున్నడు. ఎముకలు గుల్లబారినయి, డెబ్బై ఏండ్ల ముసలమ్మకు ఉండే తీరుగ ఉన్నయి అని నేను సమజ్ చేసి చెప్పిన. బాపమ్మ తన మోకాళ్ళు తడుముకొని చూసుకున్నది.

"నా ఎముకలు నీకెట్లొచ్చినయే? నాయి నాకే ఉన్నయి గద!"

అందరికి ఒకటేసారి నవ్వొచ్చింది. అవ్వ నవ్వుకుంట కొంగుతోటి కండ్లు తుడుసుకున్నది. ఆ నాటి నుంచి మాకిద్దరికి ఒకటే గోలి. మధ్యాహ్నం బువ్వ తిన్నంక బాపమ్మ కాల్షియం డబ్బ మూత తీసి నాకొకటి ఇచ్చేది, తనకొకటి తీసుకునేది. పొద్దున ఎండల కూసోమన్నరని ఇద్దరం అరుగు మీద కాళ్ళు చాపుకొని కూసునేటోళ్ళం. పోయేటోళ్ళు "ఏందమ్మా, ఇద్దరు ఎండబెట్టుకుంటుండ్రా?" అంటే బాపమ్మ "నాది దీనిది ఒకటే ఈడు" అనేది. మస్తు గర్వంగ చెప్పేది. నాకు మాత్రం లోపల గుచ్చుకునేది. ఎముక గట్టిపడే వయసు అదే, తినక ఒక ఏడు, తేరుకుంట ఒక ఏడు పోయినయి, పోయింది పూర్తిగ తిరిగి రాదు అని డాక్టర్ చెప్పిన సంగతి ఆమెకు నేను చెప్పలే.

నెలసరి ఇంకొన్ని నెలలకు వచ్చింది. అప్పటికి నేను ఫైనలియర్ పరీక్షలకు హాస్టల్ల ఉన్న. అవ్వకు ఫోన్ చేసిన.

"అవ్వా, వచ్చింది."

"ఎవరే?"

"గదే. వచ్చింది."

"సుట్టాలా? హాస్టల్‌కా?"

"అవ్వా! నెలది!"

అటు దిక్కు నుంచి అవ్వ ఫోన్ పక్కకు పెట్టి "ఏమయ్యో, బిడ్డ మంచిగున్నదట!" అని పెరట్లకు ఒర్లుడు వినబడ్డది. "మంచిగుంటే మంచిదే, ఒర్లుడెందుకు?" అన్నడు బాపు. ఆ వారం ఇంటికి పోతే అవ్వ సర్వపిండి గిన్నెకు ఒత్తి కాల్చింది. నేను ఒక పూర్తిది తిన్న. రెండోదానికి చెయ్యి చాపినప్పుడు పాత గొంతు ఏదో అన్నది. నేను సుత దానికి ఏదో అన్న. అదేందో ఇక్కడ రాసేటట్టు లేదు.

ఇప్పుడు నేను సుల్తానాబాద్ల ఒక బడిల సైన్స్ చెప్తున్న. ఆ రోగం పూర్తిగ పోయిందా అంటే, పోయిందనే చెప్త, కని పెండ్లిళ్ళ సీజన్ల, మనసు బాగలేని రోజులల్ల ఒకసారి వచ్చి తలుపు కొట్టి చూస్తది. తలుపు తీయకుంటే పోతది. నా పాదం ఇప్పటికి వానాకాలంల నొస్తది. పరుగు వద్దన్నరు, నడుమన్నరు, నడుస్తున్న. ఏడాదికోసారి కరీంనగర్ పోయి స్కాన్ తీపిచ్చుకుంట. నేను ఒక్కదాన్నే పోగలుగుత, అయినా బాపు వస్తడు. "యూరియా సంగతి అడిగేదున్నది" అనుకుంట వస్తడు. ప్రతి ఏడు అదే దినం ఆయనకు యూరియా యాదికొస్తది.

మొన్న పోయినప్పుడు ఎముకలు జర గట్టిపడ్డయి అన్నడు డాక్టర్. మామూలు మనిషి లెక్క కాలే, కని బాపమ్మ కంటే మంచిగున్నయి. బయటికొచ్చినంక బస్టాండ్ ముందల హోటల్ల కూసున్నం. నేను మసాల దోశ చెప్పిన, ఆయన ఇడ్లీ చెప్పిండు. తింటుంటే ఆయన ఇడ్లీ ముక్క చేతులనే ఉన్నది, నోట్లకు పోతలేదు. కండ్లు నా పళ్ళెం మీద ఉండి, నేను తలెత్తంగనే గోడ మీదికి పోతున్నయి.

"ఏంది బాపు, చూస్తున్నవ్?"

"ఏం లేదు. టీవీ చూస్తున్న."

నేను వెనుకకు తిరిగి చూసిన. "టీవీ బందున్నది బాపు."

"పెడుతరు కావచ్చు" అన్నడు. ఇడ్లీ ముక్క నోట్ల పెట్టుకొని, నల్లగున్న ఆ టీవీ దిక్కే చూసుకుంట నమిలిండు. నేను నా దోశ నిమ్మలంగ తిన్న.